టవర్ లేని చోట నేరుగా కబురు: పర్లాకిమిడి జీడితోట ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది కాబట్టి తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని కుదించి రాస్తున్నాను. ఇల్లు పర్లాకిమిడి ఊళ్లో. జీడితోట నాలుగు కిలోమీటర్ల అవతల, చిన్న గుట్ట వెనక. అక్కడ ఏ కంపెనీ సిగ్నలూ నిలవదు. బావగారి ఇల్లు సరిహద్దు దాటితే పాతపట్నంలో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కరెంటు, టవర్లు అన్నీ పోయి ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. సిమ్ము, రీచార్జి, లైసెన్సు ఏవీ లేకుండా ఫోను నుంచి ఫోనుకు నేరుగా మాట్లాడుకోవచ్చా? వైఫైయా, వాకీటాకీయా, యూట్యూబ్‌లో చూపిస్తున్న లోరా (చిన్న మెసేజీలను దూరం పంపే రేడియో పద్ధతి) పెట్టెలా?

రాయగడ, గుణుపురం వైపు వైర్‌లెస్ లింకుల పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. దారి ఉంది. కాకపోతే దాంట్లో గొంతు వెళ్లదు, చిన్న మెసేజీలే వెళ్తాయి. ఫోను ఒక్కటే సరిపోదు. ఫోనుకు బ్లూటూత్‌తో జతపడే లోరా పెట్టె మూడు చోట్లా ఒక్కోటి, గుట్ట మీద ఇంకోటి కావాలి. పవర్ ఎక్కువున్న పెట్టె కోసం వెతక్కండి. ఆ డబ్బు యాంటెన్నాను ఎత్తులో పెట్టడానికి వాడండి.

ముందు లైసెన్సు సంగతి, ఎందుకంటే దీని మీదే అపోహలు ఎక్కువ. 2005లో కేంద్రం 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న బ్యాండును లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. తర్వాత దాన్ని 868 దాకా పొడిగించారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాటు దాటకూడదు, యాంటెన్నా బలం కలిపితే 4 వాట్లు దాటకూడదు, క్యారియర్ బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ వెడల్పు) 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. ఇది కేంద్రం రూలు కాబట్టి ఒడిశాలో ఒకటి, ఆంధ్రాలో ఒకటి అని ఉండదు. మీ కబురు సరిహద్దు దాటినా ఎవరూ అడగరు. వాడే పరికరానికి మాత్రం ఈటీఏ, అంటే ఆ రకం పరికరాన్ని వాడచ్చని ప్రభుత్వం ఇచ్చే టైప్ అప్రూవల్ ఉండాలి. కొనేటప్పుడు అమ్మేవాణ్ణి ఆ కాగితం అడగండి. నీళ్లు నమిలితే ఇంకో కొట్టు చూసుకోండి.

లైసెన్సు లేదు కాబట్టి రక్షణ కూడా లేదు. వేరేవాళ్ల వల్ల మీ సిగ్నల్ చెడిపోతే ఫిర్యాదు చేసుకునే చోటు లేదు. ఈ బ్యాండులో మీతో పాటు ఎవరున్నారో చూడండి: టోల్ గేటు దగ్గర మీ కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను చదివే రీడరు ఇదే 865-867లో పనిచేస్తుంది. రేడియో మెష్ (ఒకదాని కబురు ఇంకోటి అందించే అల్లిక) మీద నడిచే కరెంటు స్మార్ట్ మీటర్లు కూడా చాలావరకు ఇక్కడే. వాళ్లు తప్పు చేస్తున్నట్టు కాదు, వాళ్లకెంత హక్కో మీకూ అంతే. అందుకే ఇలాంటి ఉమ్మడి బ్యాండులో నడిచే ప్రతి మంచి పద్ధతీ రచ్చబండ మర్యాద పాటిస్తుంది: ముందు వింటుంది, ఎవరూ మాట్లాడకపోతేనే నోరు తెరుస్తుంది, రెండు ముక్కల్లో ముగిస్తుంది.

ఇప్పుడు ఉత్త ఫోన్ల సంగతి. వైఫై డైరెక్ట్ 2010 నుంచీ ఉంది. రౌటరు లేకుండా రెండు ఫోన్లలో ఒకటి తనే చిన్న రౌటరుగా మారి రెండోదానితో మాట్లాడుతుంది. సినిమా ఫైలు పంపుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, పెరడు దాటితే మాత్రం కష్టం. బ్లూటూత్ మీద ఫోను నుంచి ఫోనుకు మెసేజ్ దాటించే బ్రయర్, బిట్‌చాట్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ఇవి మనుషులు కిక్కిరిసిన చోట పనికొస్తాయి. తిరనాళ్లలోనో రైల్వే స్టేషన్లోనో ప్రతి కొద్ది గజాలకీ ఆ యాప్ ఉన్న ఫోను ఉంటే మెసేజ్ చేతులు మారుతూ వెళ్తుంది. మీ తోటకీ ఊరికీ మధ్య ఉన్నవి జీడిచెట్లు. అక్కడ అందుకుని అందించే ఫోను ఏదీ ఉండదు.

5జీ ఫోను కొంటే టవర్ లేకుండా మాట్లాడుకోవచ్చా అని కూడా అడిగారు. కాగితం మీద ఉంది. ఫోన్లు టవర్‌ను పక్కన పెట్టి నేరుగా మాట్లాడుకునే పద్ధతిని మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్లు 4జీ కాలంలో రిలీజ్ 12 అనే విడతలోనే రాశారు. 5జీలో దాని పేరు సైడ్‌లింక్, అది రిలీజ్ 16లో వచ్చింది. దాన్ని వైఫై తిరిగే ఉమ్మడి బ్యాండులో కూడా నడిపేలా రిలీజ్ 18లో చేర్చారు. అందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఒక పరికరం గాలి ఖాళీగా ఉందని విని చానల్‌ను కొద్ది మిల్లీసెకన్ల పాటు పట్టుకుంటుంది. తన పని అయ్యాక మిగిలిన సమయాన్ని అవతలి పరికరానికి ఇస్తుంది. అప్పుడు అది మళ్లీ క్యూలో మొదటి నుంచీ నిలబడకుండా వెంటనే జవాబిస్తుంది. మంచి ఆలోచనే, కానీ మీరు షాపులో కొనే ఫోన్లలో ఇది లేదు. పెట్టె మీద 5జీ అని ఉంటే అది టవర్‌తో మాట్లాడే 5జీ మాత్రమే.

కాబట్టి మిగిలింది లోరా. ఫ్రాన్సులో సిక్లియో అనే చిన్న కంపెనీ తయారుచేసిన పద్ధతి ఇది. 2012లో సెమ్‌టెక్ దాన్ని కొనేసింది. సిగ్నల్‌ను ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలబెట్టకుండా కింది నుంచి పైకి జారుస్తూ పంపుతుంది. ఆ జారుడు ఎలా ఉంటుందో రిసీవరుకు ముందే తెలుసు కాబట్టి చుట్టూ ఉన్న రొద కన్నా బలహీనమైన సిగ్నల్‌ను కూడా ఏరుకుంటుంది. స్పీడు మాత్రం ఉండదు. 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఎస్ఎఫ్7 అనే సెట్టింగుకు సెకనుకు 5 వేల బిట్ల పైచిలుకు వస్తే, ఎస్ఎఫ్12కు 300 బిట్లు కూడా రావు. ఒక్కో మెట్టు ఎక్కిన కొద్దీ దూరం పెరుగుతుంది, గాలిలో పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది.

మీ నాలుగు కిలోమీటర్లకు లెక్క చూద్దాం. 866 మెగాహెర్ట్జ్ సిగ్నల్ నాలుగు కిలోమీటర్ల ఖాళీ గాలిలో సుమారు 103 డెసిబెల్స్ (పది డెసిబెల్స్ తగ్గితే సిగ్నల్ బలం పదో వంతవుతుంది) పోగొట్టుకుంటుంది. ఎస్‌ఎక్స్1262 చిప్పు ఉన్న పెట్టె గరిష్ఠంగా 22 డీబీఎం (1 మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే బలం), అంటే 160 మిల్లీవాట్ల లోపే ఇస్తుంది. రెండు వైపులా రెండేసి డెసిబెల్స్ ఇచ్చే మామూలు యాంటెన్నాలు వేసుకుంటే తోటలో అందేది మైనస్ 77 డీబీఎం. ఎస్ఎఫ్11లో ఆ చిప్పు మైనస్ 134 దాకా వినగలదు. అంటే 50 డెసిబెల్స్‌కు పైగా మిగులు. 1 వాటు అనుమతి ఉన్నా ఇంత తక్కువ పవర్‌తోనే సరిపోతుందని నేను చెప్పేది ఇందుకే. దూరం మీకు సమస్య కాదు, అడ్డంగా ఉన్న గుట్టే సమస్య. గుట్ట మింగే సిగ్నల్‌ను 1 వాటు పెట్టినా తేలేరు. 160 మిల్లీవాట్ల నుంచి 1 వాటుకు వెళ్తే కలిసొచ్చేది 8 డెసిబెల్సే.

ఇంకో సంగతి. ఎదురెదురుగా కంటికి కనిపిస్తే చాలనుకుంటారు, చాలదు. సిగ్నల్ దారాన్ని పట్టుకున్నట్టు సన్నగా పోదు, మధ్యలో ఉబ్బుతుంది. మీ దూరానికి, ఈ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా మధ్యలో ఆ ఉబ్బు వ్యాసార్ధం సుమారు 18.6 మీటర్లు. కనీసం అందులో అరవై శాతం, అంటే 11 మీటర్లు, చెట్ల కొసలకు పైన ఖాళీగా ఉండాలి. చూపు ఆనీ ఆనకుండా చెట్ల మీదుగా పోయే లింకు వేసవిలో బాగానే పనిచేసి, వానాకాలం ఆకులు తడిసి నిండుగా ఉన్నప్పుడు మొరాయించడం ఇందుకే. గుణుపురం దగ్గర ఒక తోటలో సాయంత్రం దాకా చక్కగా ఉన్న లింకు ఒక జల్లు పడగానే పది డెసిబెల్స్ పడిపోవడం కళ్లారా చూశాను. పైపును ఇంకో మూడు మీటర్లు లేపాక కుదురుకుంది.

అందుకే గుట్ట మీద పెట్టె కావాలన్నాను. అది ఇంటినీ తోటనూ రెంటినీ చూడగలగాలి. పాతపట్నం ఎలాగూ మీ డాబా మీద నీళ్ల ట్యాంకు ఎత్తు నుంచి నేరుగా అందే అవకాశం ఉంది. అందకపోతే గుట్టే అటూ మోస్తుంది. కొందరు ఏకంగా మహేంద్రగిరి మీద పెడదామంటారు. అది 1501 మీటర్ల ఎత్తు, సముద్రం దాకా కనిపిస్తుంది కదా అని. అడవి శాఖ అనుమతి సంగతి అలా ఉంచండి, మూడు చోట్ల కబురుకు అంత ఎత్తు మేలు కన్నా కీడే చేస్తుంది. అక్కడి పెట్టె దూరదూరాల రొదనంతా వింటూ కూర్చుంటుంది, మీ మెసేజ్ అందులో కలిసిపోతుంది.

ఈ రొద ఎలా కొంప ముంచుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెట్టింగులన్నీ దీని మీదే ఆధారపడతాయి. లోరా పెట్టెల్లో మెసేజీలను నడిపే మెష్‌టాస్టిక్ అనే సాఫ్ట్‌వేరులో ఇండియా బ్యాండు, 125 కిలోహెర్ట్జ్, ఎస్ఎఫ్11 పెట్టుకుంటే ఒక చిన్న మెసేజ్ గాలిలో సుమారు రెండు సెకన్లు ఉంటుంది. గుట్ట మీది పెట్టె దాన్ని మళ్లీ చెప్తే ఇంకో రెండు సెకన్లు. ఆ సమయమంతా ఆ చానల్‌లో ఇంకెవరూ మాట్లాడకూడదు. పెట్టెలు పంపేముందు వింటాయి, నిజమే. కానీ ఇంట్లో పెట్టెకు తోటలో పెట్టె వినపడదు కదా, మధ్యలో గుట్ట ఉంది. రెండూ ఒకేసారి విని, ‘నిశ్శబ్దంగానే ఉంది’ అనుకుని, ఒకేసారి పంపుతాయి. గుట్ట మీద రెండూ ఢీకొంటాయి. ఒకటి బాగా బలంగా ఉంటే అది గట్టెక్కుతుంది, లేకపోతే రెండూ పోతాయి. వినడం ఈ రోగానికి మందు కాదు. తక్కువ మాట్లాడటమే మందు.

1970ల మొదట్లో హవాయి విశ్వవిద్యాలయంలో ఆబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపినప్పుడే ఈ లెక్క తేలింది. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపే పద్ధతిలో చానల్ సమయంలో గరిష్ఠంగా 18 శాతమే పనికొస్తుంది. అంతకు మించి పంపితే గుద్దుకోవడాలు పెరిగి, చేరేవి ఇంకా తగ్గుతాయి. మనవాళ్లు పెట్టె కొనగానే ప్రతి నిమిషానికీ లొకేషను పంపమని, బ్యాటరీ శాతం పంపమని, ఉష్ణోగ్రత పంపమని అన్నీ ఆన్ చేసేస్తారు. పెట్టెలు రెండో మూడో ఉన్నంతవరకు తేడా తెలియదు. ఊళ్లో పది మంది అదే పని మొదలుపెడితే అసలైన మెసేజ్ వెళ్లదు. మీ పెట్టెలు ఎక్కడికీ నడిచిపోవు కాబట్టి లొకేషను ఆపేయండి. బ్యాటరీ రిపోర్టు గంటకోసారి చాలు. గుట్ట మీద ఉన్నదానికి మాత్రమే మెసేజీలను ముందుకు అందించడమే పనిగా ఉండే రౌటర్ పాత్ర ఇవ్వండి, మిగతావి క్లయింట్‌గా ఉంచండి. హాప్‌ల సంఖ్య, అంటే మెసేజ్ ఎన్నిసార్లు చేతులు మారచ్చో ఆ లెక్క, మామూలుగా మూడు ఉంటుంది. దాన్ని పెంచకండి, మీకు రెండే చాలు.

సెట్టింగుల్లో ఇంకో మెలిక. మెష్‌టాస్టిక్ పెట్టె తెరవగానే ఉండే లాంగ్ ఫాస్ట్ సెట్టింగు వెడల్పు 250 కిలోహెర్ట్జ్. పైన చెప్పిన కేంద్రం రూలులో ఉన్నది 200. చాలామంది పట్టించుకోకుండా అలాగే వాడుతున్నారు. నేనైతే 125 వెడల్పున్న లాంగ్ మోడరేట్ వాడతాను. రూలుకు లోబడి ఉంటుంది, పైగా మూడు డెసిబెల్స్ కలిసొస్తాయి. అన్ని పెట్టెల్లోనూ ఒకే సెట్టింగు ఉండాలి, ఒకటి తేడా ఉన్నా దానికి మిగతావి వినపడవు. మొదటి చానల్‌కు ముందే పెట్టి ఉండే తాళం (మెసేజ్‌ను ఇతరులు చదవకుండా దాచే రహస్య కోడ్) లోకంలో అందరికీ తెలిసిందే. కాబట్టి మీ సొంత తాళం తయారుచేసి, క్యూఆర్ కోడ్‌తో బావగారి ఫోన్లోకి ఎక్కించండి. ఇది చేయకపోతే జీడిపిక్కల ధర గురించి మీరు రాసుకునేది పక్కూరి వ్యాపారి కూడా హాయిగా చదువుకోవచ్చు.

తెలుగులో రాయచ్చా అంటే రాయచ్చు, కానీ పొదుపుగా. ఒక మెసేజ్‌లో పట్టేది సుమారు 200 బైట్లు. ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటు తింటుంది. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు, సున్న ఒక్కోటి మూడేసి బైట్లు తింటాయి. ‘వర్షం’ అని రాస్తే వ, ర, పొల్లు, ష, సున్న కలిపి పదిహేను బైట్లు. అంటే మొత్తం మీద అరవై ఐదు గుర్తుల లోపే సర్దుకోవాలి. పైగా బైట్లు పెరిగిన కొద్దీ గాలిలో సమయమూ పెరుగుతుంది. తుఫాను రోజుల్లో ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టడమే మేలు, వాట్సాప్‌లో సగం మంది చేసేదీ అదే.

మెసేజ్ పక్కన పడే టిక్కును చూసి మోసపోకండి. గ్రూపు చానల్‌లో పంపినదానికి టిక్కు పడితే ఏదో ఒక పెట్టె విని మళ్లీ చెప్పిందనే అర్థం. బావగారికి చేరిందని కాదు. ఆయనకు చేరిందో లేదో ఖాయంగా తెలియాలంటే ఆయన పెట్టెకే నేరుగా పంపాలి. అప్పుడు ఆ పెట్టె నుంచే రసీదు వస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి. బోర్డులు 433, 868, 915 అని మూడు రకాలుగా అమ్ముతారు. మీకు 868 రకం కావాలి. చిప్పు ఎన్‌ఆర్‌ఎఫ్52 ఉన్నదైతే గుట్ట మీదికి మంచిది. ఈఎస్‌పీ32 బోర్డులు చవక, కానీ కరెంటు బాగా తాగుతాయి. ఒక 18650 రకం రీచార్జి సెల్లు మీద ఈఎస్‌పీ32 బోర్డు రోజు రోజున్నర లాగితే, ఎన్‌ఆర్‌ఎఫ్52 బోర్డు చాలా రోజులు నడుస్తుంది. తుఫాను ముసురు పట్టినప్పుడు వరసగా నాలుగైదు రోజులు సూర్యుడు కనిపించడు, సోలార్ పలక ఉన్నా పేరుకే. ఆ రోజుల కోసమే కదా మీరిదంతా చేస్తున్నది.

యాంటెన్నా బిగించేటప్పుడు మరను ఒక్కసారి వెలుతురులో పెట్టి లోపలికి చూడండి. ఎస్ఎంఏ అనేది ఒకటి, ఆర్‌పీ-ఎస్ఎంఏ అనేది ఒకటి ఉన్నాయి. మరలు రెండింటికీ ఒకటే, చక్కగా బిగుసుకుంటాయి. కానీ తప్పు జత పడితే రెండు వైపులా నడి సూది ఉండదు, రెండూ బొక్కలే. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, సిగ్నల్ మాత్రం వంద గజాలు పోదు. వైఫై రౌటరు నుంచి ఊడదీసిన యాంటెన్నాలతో ఇది తరచూ జరుగుతుంది. పైగా అవి ఈ ఫ్రీక్వెన్సీవి కూడా కావు. యాంటెన్నా తగిలించకుండా పెట్టె ఆన్ చేయకండి, చిప్పు దెబ్బతినచ్చు. బాక్సుకు రంధ్రం కింది వైపే పెట్టి, కేబుల్‌ను కొంచెం కిందికి వేలాడదీసి తర్వాత పైకి తీసుకెళ్లండి. అప్పుడు వాననీరు లోపలికి పాకకుండా వంపు దగ్గరే కారిపోతుంది.

గుట్ట మీద కొత్తగా యాంటెన్నా కనిపిస్తే మన కొండ బ్లాకుల్లో పోలీసులు ఆరా తీయడం మామూలే. సర్పంచికీ ఠాణాకూ ముందే ఒక మాట చెప్పి, ఈటీఏ కాపీని బాక్సు మూత లోపలి వైపు అంటించి పెట్టుకోండి.

వాకీటాకీ గురించి రెండు ముక్కలు. లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలు ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ లోపల, అర వాటు పవర్‌తో. తోట లోపల ఈ కొస నుంచి ఆ కొసకు బాగుంటాయి, గుట్ట దాటవు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే 5 వాట్ల చైనా సెట్లు ఈ కోవలోకి రావు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటివి అమ్ముతున్న ఆన్‌లైన్ వేదికలకు నోటీసులు కూడా ఇచ్చింది. హ్యామ్, అంటే అమెచ్యూర్ రేడియో, లైసెన్సు తీసుకుంటే వాటిలో కొన్నిటిని చట్టబద్ధంగా వాడచ్చు, కానీ హ్యామ్ మీద తోట వ్యాపారం మాట్లాడకూడదు.

అన్నీ ఒకేసారి కొనకండి. ముందు రెండే తీసుకుని ఒకటి డాబా మీద పెట్టి, రెండోది చేత్తో పట్టుకుని గుట్ట ఎక్కండి. యాప్‌లో సిగ్నల్ బలం అంకె కన్నా ఎస్ఎన్ఆర్, అంటే రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె, చూడండి. ఎస్ఎఫ్11కు అది మైనస్ 17 దాటి కిందికి పోతే మెసేజ్ రాదు. మైనస్ 5 చూపిస్తే ఇంకా పన్నెండు డెసిబెల్స్ చేతిలో ఉన్నట్టు, అక్కడ స్తంభం పాతచ్చు. మైనస్ 14, 15 దగ్గర ఊగుతుంటే ఎండాకాలంలో పనిచేసినా వానాకాలంలో నమ్మలేరు, ఇంకో చోటు వెతకండి.

చివరగా, తోట కాపలా ఆయన దగ్గర బటన్ ఫోనే ఉందన్నారు. అందుకు స్మార్ట్‌ఫోను కొనక్కర్లేదు. చిన్న తెర, తిప్పే మీట ఉన్న పెట్టెలు దొరుకుతాయి. వాటిలో మెసేజీలు ముందే రాసి పెట్టుకునే ఏర్పాటు ఉంది: ‘ఎలుగు దిగింది’, ‘నీళ్లయిపోయాయి’, ‘రేపు కూలీలు కావాలి’, ‘అంతా బాగుంది’ అని. ఆ తెరల మీద తెలుగు అక్షరాలు సరిగ్గా పడవు కాబట్టి వీటినీ ఇంగ్లిషు అక్షరాల్లోనే ఎక్కించాలి. ఆయనకు చదవడం రాకపోతే వరసను నేర్పండి, మొదటిది ఎలుగు, రెండోది నీళ్లు అని. మీట తిప్పి నొక్కితే చాలు. మీ ఇంటి పెట్టెకు ఒక బజరు కలిపి పెట్టుకుంటే రాత్రిపూట మెసేజ్ రాగానే మోగుతుంది. పళ్లు రాలే రోజుల్లో ఎలుగుల గొడవ ఎలాగూ ఉండేదే కాబట్టి ఆ బజరు పడక గదిలోనే పెట్టుకోండి.